పొగ లేని నిప్పులు

నా భార్య పోయిన ఎనిమిదో నెలలో మా అమ్మాయి కాన్పుకి నందిగామ వచ్చింది. తల్లి లేని పుట్టింటికి వెళ్ళి ఏం చేస్తావని అత్తగారు అడిగారట. "నాన్న ఉన్నాడుగా" అందట ఇది. ఆ మాట అల్లుడు ఫోన్లో చెప్పినప్పటి నుంచి నాకు భయం పట్టుకుంది. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో పాఠాలు చెప్పినవాణ్ణి. చేతికందిన పుస్తకమల్లా చదివినవాణ్ణి. కాన్పు గురించి మాత్రం నాకు తెలిసింది ఆస్పత్రి వరండాలో బెంచీ మీద కూర్చోవడం వరకే.

సాయానికి మా వదినగారు జగ్గయ్యపేట నుంచి వచ్చింది. నా భార్యకి పెద్దక్క. డెబ్భై దాటాయి. మా రెండు వైపులా ఎంతమంది బాలింతలకి నీళ్ళు పోసిందో ఆవిడకే గుర్తుండదు. సంచీ కింద పెట్టకుండానే ఇల్లంతా తిరిగి చూసి, "పొయ్యేదీ?" అంది.

"గ్యాసుంది కదా వదినా. గీజరు కూడా ఉంది."

"గీజరు నీళ్ళు గిన్నెలు కడుక్కోడానికి బాగుంటాయి. బాలింతకి వేపాకేసి కట్టెల మీద కాచిన నీళ్ళు పొయ్యాలి. నా చెల్లెలుంటే ఈ మాట నేను చెప్పాల్సొచ్చేది కాదు."

కట్టెల పొయ్యి మాత్రం నాకు ఇష్టం లేదు. నా భార్య ఊపిరితిత్తుల జబ్బుతో పోయింది. చుట్టా బీడీ ముట్టిన మనిషి కాదు. చిన్నప్పటి నుంచి, పెళ్ళయిన పదేళ్ళ దాకా, కట్టెల పొయ్యి ఊదిన మనిషి. పొగ వల్లే అని డాక్టర్లెవరూ గట్టిగా చెప్పలేదు. నేనే అనుకున్నాను. చివరి నెలల్లో ఊపిరి కోసం ఆవిడ పడ్డ యాతన చూశాక పొగ అన్న మాట వింటేనే నాకు భయం. పొగ పసిపిల్లల ఊపిరితిత్తులకి ఏం చేస్తుందో దొరికినంతా చదివాను. అందుకని వదినగారితో ఒక మాట అనుకున్నాం. పొయ్యి పెట్టిస్తాను, ఇంట్లో మాత్రం పొగ ఉండకూడదు.

"పొగ రాని పొయ్యి ఎక్కడుంటుంది మరిదిగారూ" అని నవ్వింది. అయినా వాళ్ళ వీధిలో గొట్టం పొయ్యిలు కట్టే మేస్త్రి ఉన్నాడని నంబరిచ్చింది.

మేస్త్రి యాభై దాటిన ముస్లిం. తక్కువ మాట్లాడతాడు, పని ఆపి మాట్లాడడు. మా ఇంటి వెనక వసారాకి ఎప్పుడో గోడలు కట్టి గదిలా చేశాం. పైన రేకులు. దాన్నానుకునే చిన్న గది. అమ్మాయికీ పిల్లకీ ఆ గది అనుకున్నాం కాబట్టి పొయ్యి వసారాలో కట్టాలన్నాను. పెరట్లో పాత నాపరాళ్ళు ఉన్నాయి. పొయ్యి అడుగున అవి పరుద్దామన్నాను. మా వైపు అరుగుల దగ్గర్నుంచి అలమరాల దాకా అన్నీ నాపరాళ్ళే.

"పొయ్యిలో వద్దు మాస్టారూ. అది సున్నపురాయి. మంట తగిలితే పేలుద్ది. తడి రాయైతే ముక్కలొచ్చి మొహాన కొడతాయి."

ఇటుకలే పరిచాడు. సిమెంటు వాడలేదు. వేడికి నెర్రెలిస్తుందట. మట్టిలో ఊక కలిపి రెండు రోజులు నానబెట్టి దానితో కట్టాడు. గొట్టానికి నేను సిమెంటు పైపు చూపించాను. అదీ వద్దన్నాడు.

"సిమెంటు ఫ్యాక్టరీల ఊళ్ళో పుట్టినోణ్ణి, దాని మీద నాకు కోపమేం లేదండి. వేడెక్కితే అదీ పగులుద్ది."

ఇనప గొట్టం తెచ్చాడు. రేకుల కింద చెక్క దూలం ఉన్నచోట గొట్టాన్ని మూరెడు దూరం జరిపి, కప్పులోంచి బయటికెళ్ళే కంత చుట్టూ రేకు పట్టీ వేశాడు. కప్పు మీద మూడడుగులు పైకి లేపాడు. వారం రోజులు ఆరనిచ్చాక చిన్న చిన్న మంటలతో మొదలుపెట్టించాడు. నేను పక్కన స్టూలేసుకుని కూర్చుని ఆయన చెప్పినవన్నీ నోటుబుక్కులో రాసుకున్నాను. బాగా ఎండిన సుబాబుల్ కట్టెలే వాడాలి. పచ్చివి పెడితే గొట్టంలో మసి గడ్డకడుతుంది, ఏదో ఒక రోజు ఆ మసికే మంట అంటుకుంటుంది. రంగేసిన చెక్కలూ ప్లాస్టిక్కూ వెయ్యకూడదు. నెలకోసారి గొట్టం కింద మూత తీసి మసి దులపాలి. బూడిద ఇనప బకెట్లోకే ఎత్తాలి, గోనెసంచిలోకి ఎత్తకూడదు. బూడిదలో నిప్పు మర్నాటి దాకా బతికుంటుంది.

గొట్టం మధ్యలో, తలకంటే ఎత్తున, లోపలికీ బయటికీ జరిగే రేకు ముక్క ఒకటి పెట్టాడు. పొయ్యి వాడని రోజుల్లో వాననీళ్ళూ పిట్టలూ దిగకుండా అది మూసుకోవచ్చు.

"పొయ్యిలో బూడిద చేత్తో ఎత్తేంత చల్లారాకే ఇది మూయాలండి. అప్పటిదాకా ముట్టుకోవద్దు."

అదీ రాసుకున్నాను. ఎందుకని అడగలేదు. పొగ ఇంట్లోకి వస్తుంది కాబట్టి అని నాకు నేనే అర్థం చెప్పుకున్నాను. ఎందుకని అడగండర్రా అని ముప్పై ఏళ్ళు పిల్లల వెంటపడ్డవాణ్ణి.

ఆడపిల్ల పుట్టింది. ఊళ్ళోనే, ఆస్పత్రిలో, మామూలు కాన్పు. ఇంటికొచ్చాక మొదటిసారి పొయ్యి వెలిగించినప్పుడు నేను పెరట్లోకి వెళ్ళి గొట్టం చివర చూశాను. పొగంతా పైకే పోతోంది. వసారాలో ఎవరి కళ్ళూ మండలేదు. "పర్లేదు, మేస్త్రి గట్టోడే" అంది వదినగారు. భార్య పోయాక మొదటిసారి ఒక పని సరిగ్గా చేశాననిపించింది.

పిల్ల పుట్టిన పదిహేనో రోజున తుపాను వాన పట్టుకుంది. బాలింతకి గాలి తగలకూడదని వదినగారు కిటికీ తలుపుల సందుల్లో గుడ్డలు కుక్కింది. వెంటిలేటర్లో నేను దిండు కుక్కాను. చెవుల్లో దూది, తలకి గుడ్డ, మంచం మీద అమ్మాయి మా ఇద్దర్నీ చూసి నవ్వింది.

"ఏంటి పెద్దమ్మా, నన్ను ఊరగాయ పెడుతున్నావా?"

"ఊరగాయకే గాలి తగలనివ్వం. నువ్వు అంతకన్నా తక్కువా?"

ఈదురుగాలికి గొట్టంలోంచి పొగ వెనక్కి తన్నింది. మేస్త్రికి ఫోన్ చేశాను. గొట్టం మీద టోపీ పెడితే సర్దుకుంటుందని, రేకుతో చేయించుకుని రేపు పొద్దున్నే బస్సెక్కుతానని చెప్పాడు.

మర్నాడు ఆరింటికి వదినగారు నీళ్ళు కాచింది. స్నానాలయ్యాయి. మంట పోయి పొయ్యి నిండా నిప్పులు మిగిలాయి. ఎర్రటి నిప్పులు, పైన పల్చగా బూడిద. వెచ్చగా ఉంటుందని వసారాకీ చిన్న గదికీ మధ్య తలుపు తీసిపెట్టింది. గాలి విసిరినప్పుడల్లా పొయ్యిలోంచి బూడిద లేస్తోంది.

"మరిదిగారూ, ఆ రేకు మూసెయ్యండి. వేడంతా పైకే పోతోంది. బూడిద పిల్ల మొహాన పడుతోంది."

"బూడిద చల్లారాక మూయమన్నాడు వదినా."

"అది పొగుంటే కదా. పొగేదీ ఇక్కడ? నిప్పులేగా."

నేను వంగి చూశాను. నిజంగానే పొగ లేదు. వాసన కూడా లేదు. చెయ్యెత్తి రేకు లోపలికి తోశాను.

తర్వాత చిన్న గదిలోంచి ముందు గదిలోకి వచ్చి, ఆ వైపు తలుపు దగ్గరగా వేసి కూర్చున్నాను. వీధి తలుపు తెరిచే ఉంది. వాన జల్లు గడప దాకా పడుతోంది. నాకు గాలి బాగా తగులుతోంది. నాకేమీ కాకపోవడానికి కారణం అదే.

ఏడున్నరకి అమ్మాయి తలనొప్పి అంది. తలుపు కొంచెం తీసి అడిగితే, "చెవుల్లో దూది తీసేసింది, తలనొప్పి రాకేం చేస్తుంది" అంది వదినగారు. కాసేపటికి అమ్మాయి వాంతి చేసుకుంది. "నాకూ వికారంగానే ఉంది. రాత్రి పప్పు పడలేదు ఇద్దరికీ" అంది. వదినగారి గొంతు బద్ధకంగా ఉంది. పొద్దున్నే లేచిన మనిషి కదా అనుకున్నాను. పిల్ల సంగతి అడిగాను.

"పాలు తాగి ఏడింటికి పడుకుంది. కదల్లేదు. ఒంటికి వెచ్చగా ఉంటే ఎంత హాయిగా పడుకుందో చూడండి."

చూశాను. చెంపలు ఎర్రగా ఉన్నాయి. గుప్పిళ్ళు విప్పి పడుకుంది. అంతవరకూ ఆ పిల్ల గుప్పిళ్ళు విప్పగా నేను చూడలేదు. నా భార్య ఉంటే చూసేది కదా అనుకున్నాను. ఈదురుగాలి లోపలికి వస్తుందని తలుపు మళ్ళీ వేసింది కూడా నేనే.

తొమ్మిది దాటాక మేస్త్రి వచ్చాడు. తడిసిపోయి ఉన్నాడు. చంకలో గోనెపట్టా చుట్టిన రేకు టోపీ. "బస్సులో నా టోపీ చూసి అందరూ నవ్వారండి, పెళ్ళికొడుకు తలపాగానా అని" అంటూ పక్క సందులోంచి పెరట్లోకి వెళ్ళాడు. నేను గొడుగు పట్టుకుని వెనకే వెళ్ళాను. ఆయన గొట్టం వైపు చూసి ఆగిపోయాడు.

"పొయ్యి ఆర్పేశారా మాస్టారూ?"

"లేదు. నిప్పులున్నాయి."

"మరి గొట్టం మీద వాన చినుకు చుయ్యిమనట్లేదే. వేడి రావట్లేదు." నా వైపు తిరిగాడు. "రేకు?"

"మూశాను. పొగ లేదుగా..."

"లోపలెవరున్నారు?"

నేను చెప్పేలోపు వసారా తలుపు తోసుకుని వెళ్ళిపోయాడు. తడి చెప్పులతోనే చిన్న గదిలోకి వెళ్ళాడు. కింద గోడకానుకుని కూర్చున్న వదినగారు, "ఏయ్, పురిటి గది... చెప్పులు..." అంది. లేవబోయింది. కాళ్ళు నిలవలేదు. పక్కకి ఒరిగింది. ఆయన కిటికీ తలుపుని కాలితో తన్నాడు. గుడ్డలు ఊడిపడ్డాయి. మంచం మీంచి పిల్లని తీసి నా చేతుల్లో పెట్టాడు.

"వీధిలోకి వెళ్ళండి. గాలిలోకి. కప్పొద్దు, గుడ్డ తియ్యండి."

ముందురోజు నుంచి ఏ గాలికి భయపడి సందులన్నీ మూశామో ఆ గాలిలోకి పిల్లని ఎత్తుకుని పరిగెత్తాను. పిల్ల చేతుల్లో తడిబట్టలా వేలాడింది. తల నిలవదని తెలుసు, ఆ వయసుకి నిలవదు. కానీ చెయ్యి కూడా నిలవలేదు. ముక్కు దగ్గర వేలు పెట్టాను. ఆ ఈదురుగాలిలో ఏది గాలో ఏది ఊపిరో నాకు తెలియలేదు. పొట్ట మీద చెవి పెట్టాను. నా గుండె చప్పుడే వినిపించింది. పేరు ఇంకా పెట్టలేదు. ఏమని పిలవాలో తెలియక "అమ్మా, అమ్మా" అన్నాను.

మేస్త్రి అమ్మాయిని చంకల కింద పట్టుకుని అరుగు మీదికి ఈడ్చుకొచ్చాడు. మళ్ళీ వెళ్ళి వదినగారిని తెచ్చాడు. నా దగ్గరికొచ్చి పిల్ల అరికాలు మీద వేలితో కొట్టాడు. ఒకటి, రెండు, మూడు. నాలుగోసారికి పిల్ల మొహం ముడుచుకుంది. సన్నగా, పిల్లికూనలా ఒక చప్పుడు వచ్చింది. అంతే. ఏడవలేదు. ఏడిస్తే బాగుండునని అంతగా ఎప్పుడూ అనుకోలేదు.

ఎదురింటివాళ్ళ కారులో ఆస్పత్రికి తీసుకెళ్ళాం. ఆక్సిజన్ పెట్టారు. అంబులెన్స్‌లో విజయవాడ పంపారు. కీసర దాటేదాకా నేను పిల్ల పొట్ట కదలడం లెక్కపెడుతూనే ఉన్నాను. నర్సమ్మ, "మిషన్ చూపిస్తోంది కదండీ" అంది. మిషన్‌ని నమ్మే స్థితిలో లేను. దారిపొడుగునా ప్రార్థన చెయ్యాలనుకున్నాను. నా భార్యకి వచ్చినన్ని బైబిలు వాక్యాలు నాకు రావు. వచ్చినవి కూడా ఆ పూట గుర్తు రాలేదు.

విజయవాడలో డాక్టరమ్మ చెప్పింది. కార్బన్ మోనాక్సైడ్. గాలి ఆడనిచోట నిప్పులు మండితే పుడుతుంది. రంగుండదు, వాసనుండదు, పొగుండదు. ఆ పేరు నాకు తెలుసు. బడి పుస్తకంలో ఉంటుంది. నేను పొగ కోసం కాపలా కాశాను. వచ్చింది పొగ కాదు.

"గొట్టం ఎవరు మూశారు?" అని అడిగింది.

నేను నోరు తెరిచేలోపు మొహానికి మాస్కుతో పక్క మంచం మీదున్న వదినగారు అంది: "నేనేనమ్మా. తెలీక."

నేను నోరు మూసుకున్నాను. సాయంత్రం అల్లుడు సూర్యాపేట నుంచి వచ్చాడు. వరండాలో నిలబడి వదినగారిని, "మీ పాత పద్ధతులు మీ దగ్గరే పెట్టుకోండి, నా పిల్లని చంపేసేవారు" అన్నాడు. ఆవిడ తల వంచుకుని విన్నది. నేను పక్కనే ఉన్నాను. అప్పుడు కూడా చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే భయం. అల్లుడికి కాదు. అమ్మాయి నా వైపు చూసే చూపుకి.

అయిదో రోజున పంపించారు. తల్లికి ఫర్వాలేదన్నారు. పిల్ల గురించి మాత్రం, "ఇప్పుడే చెప్పలేం. చూపు నిలుపుతోందా, మెడ నిలుపుతోందా, చూస్తూ ఉండాలి" అన్నారు. వదినగారు జగ్గయ్యపేట వెళ్ళిపోయింది. అల్లుడు అమ్మాయిని తీసుకెళ్తానంటే, చలి తగ్గాక వస్తానని అది ఆగింది.

రెండు వారాల తర్వాత టోపీ బిగించడానికి వచ్చినప్పుడు మేస్త్రిని అడిగాను, చూడగానే ఎలా తెలిసిందని. కుర్రతనంలో జగ్గయ్యపేట దగ్గర సున్నం బట్టీల్లో పనిచేశాడట. ఒక చలికాలం ఇద్దరు కూలీలు వెచ్చగా ఉంటుందని బట్టీ అంచున పడుకున్నారట.

"పొద్దున్నే టీ కోసం లేపితే లేవలేదండి. చెంపలు ఎర్రగా, చక్కగా నిద్రపోతున్నట్టే ఉన్నారు. బట్టీ దగ్గర చేసినోళ్ళకి తెలుసు. మీకు రేకు ముట్టుకోవద్దన్నా గానీ ఎందుకో చెప్పలేదు. చదువుకున్నోళ్ళు, తెలుసుద్దనుకున్నా."

ఆయన వెళ్ళిన సాయంత్రమే అమ్మాయికి చెప్పాను. పిల్లని ఒళ్ళో వేసుకుని కూర్చుంది. కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి.

"రేకు మూసింది నేనమ్మా. పెద్దమ్మ కాదు."

అమ్మాయి తలెత్తలేదు. "తెలుసు."

"ఎట్లా?"

"పెద్దమ్మకి అంత ఎత్తు అందదు నాన్నా. నేను మంచం మీంచి చూశా." పిల్ల తల కింద చెయ్యి సర్దుకుంది. "ఎప్పుడు చెప్తావా అని చూస్తున్నా. ఇరవై రోజులు. ఆయన పెద్దమ్మని అన్నన్ని మాటలంటుంటే నిలబడి విన్నావు. అమ్మ వింటే ఏమనుకునేది?"

ఫోన్ తీసి నా చేతిలో పెట్టింది. ముందు అల్లుడికి చేశాను. "సరే మామయ్యా" అని పెట్టేశాడు. ఆ సరేకి అర్థం ఇప్పటికీ నాకు తెలియదు. తర్వాత వదినగారికి చేశాను.

"ఇప్పుడెందుకు చెప్పారండీ?" అని కసిరింది. "నేను ముసలిదాన్ని, నన్ను తిట్టి ఊరుకుంటారు. మిమ్మల్ని తిడితే ఈ పిల్లకి పుట్టిల్లుంటుందా? తల్లి కూడా లేదాయె. ఆ మాత్రం ఆలోచించరా?"

ఆవిడ ఏడుస్తోందని గొంతుని బట్టి తెలిసింది. మూయమని అడిగింది తనే కదా అని ఒక్కసారి కూడా అనలేదు. అనలేదని నేను గమనించాను.

పిల్లకి ఇప్పుడు ఏడో నెల. మెడ నిలిపింది. ఆలస్యంగానైనా బోర్లా పడింది. చప్పుడైతే అటు తిరుగుతుంది. డాక్టరమ్మ "బాగానే ఉంది" అంటుంది, మళ్ళీ మూడు నెలలకి రమ్మంటుంది. ఆ రెండో మాట నాకు ముందు వినిపిస్తుంది. సూర్యాపేట నుంచి అమ్మాయి ఫోన్లో పిల్లని చూపించినప్పుడు పిల్ల నిద్రపోతుంటే, లేపమంటాను. "నిద్రపోనీ నాన్నా" అంటుంది. అని, లేపుతుంది.

మొన్న మా వీధిలో మూడిళ్ళ అవతల కాన్పయిందని తెలిసింది. రెండు రోజులుగా ముసురు. వాళ్ళ చిన్న గది కిటికీకి లోపలి నుంచి దుప్పటి కట్టి ఉంది. దారిన పోతూ అది చూశాను. ఇంటికి వచ్చేశాను. మళ్ళీ వెళ్ళి తలుపు కొట్టాను. ఒకళ్ళ ఇంటికి పిలవకుండా వెళ్ళే అలవాటు నాకు లేదు. బాలింత అమ్మమ్మ తలుపు తీసింది.

"లోపల కుంపటి పెట్టారా అమ్మా?"

"పెట్టాం. ఏం మాస్టారూ?"

"కిటికీ ఒక్కటి తియ్యండమ్మా. కొంచెం చాలు."

"పచ్చి బాలింతండీ. గాలి తగిలితే ఎట్లా?"

"పొగ లేకపోయినా ప్రమాదమమ్మా. మా ఇంట్లో..."

"మీ ఇంట్లో సంగతి విన్నాలెండి. మా కుంపట్లో పొగ రాదు. మంచి బొగ్గులు." తలుపు వేసేసింది.

మళ్ళీ కొట్టాను. తియ్యలేదు. వానలో గొడుగేసుకుని ఆ కిటికీ ఎదురుగా నిలబడి, గట్టిగా మాట్లాడే అలవాటు లేని గొంతుతో, "కుంపటి వరండాలో పెట్టండమ్మా" అని రెండుసార్లు అరిచాను. దుప్పటి కదిలింది. నేను వెళ్ళానో లేదో చూడడానికి ఆవిడ కిటికీ రెక్క తీసింది.

"ఏం మనిషండీ మీరు! మగవాళ్ళకి పురిటి గదుల దగ్గరేం పని? చదువు చెప్పినోళ్ళు, సిగ్గుండొద్దూ?"

ఆవిడ తిట్టినంతసేపూ కిటికీ తెరిచే ఉంది. లోపల పిల్ల ఏడుస్తోంది, గట్టిగా. వాన జల్లు కిటికీలోంచి లోపలికి కొడుతోంది. ఆవిడ తిట్టడం ఆపబోతుంటే, ఇంకో మాట అన్నాను.